ఆరు పూటల జమానతు

మొగులయ్య గురించి చెప్పాలంటే ముందు బర్రెల గురించి చెప్పాలి. ఓపిక లేనివాళ్లు ఇప్పుడే లేచిపోవచ్చు. నా హోటల్లో కూడా అంతే, దోశకు పావుగంట పడుతుందని కూర్చోకముందే చెబుతాను.

నా పేరు శోభ. శంషాబాద్ బస్టాండ్ ఎదురుగా ఉన్న టిఫిన్ హోటల్ నాది. మొగులయ్యది మామిడిపల్లి. ఇంటి వెనక కొట్టంలో ఎనిమిది బర్రెలు, ఆ కొట్టం ఉన్న రెండెకరాల చేను, చేనులో ఒక బోరు, భార్య దుర్గవ్వ, భుజం మీద ఎర్ర తువ్వాల. ఇదీ అతని ఆస్తి. సంతలో బర్రెల బేరాలు కుదర్చడం అతని పని.

సంతలో ధర పైకి అరవరు. మొగులయ్య తువ్వాల కింద అమ్మేవాడి చెయ్యి పట్టుకుని వేళ్లు నొక్కి ధర చెబుతాడు, తర్వాత కొనేవాడి చెయ్యి పట్టుకుంటాడు. ఇద్దరి మొహాలూ మామూలుగానే ఉంటాయి, కాసేపటికి బర్రె చేతులు మారుతుంది. అయితే కొన్నవాడికి ఒక భయం మిగిలిపోతుంది. పూటకు నాలుగు లీటర్లు ఇస్తుందన్న బర్రె ఇంటికెళ్లాక రెండే ఇస్తే? ఆ భయానికి మందు మొగులయ్య జమానతు, అంటే పూచీ.

"ఆరు పూటలు పిండి సూడు. చెప్పినన్ని పాలియ్యకుంటే నేనే వచ్చి తోల్కపోత, నీ పైసలు నీ చేతుల వెడ్త" అనేవాడు. దానికి తీసుకునేది యాభై రూపాయలు, ఒక చాయ్. ముప్పై ఏళ్లలో అట్లా తిరిగొచ్చినవి ఏడు బర్రెలే. ఏడింటికీ నోరు మెదపకుండా డబ్బు కట్టాడు. బర్రెను తోలుకొచ్చి మేపి, మళ్లీ ఈనాక అమ్ముకున్నాడు.

"ఒక్కపారే పది బర్లు వాపసొస్తే ఏం జేస్తవ్ మొగులన్నా?" అని ఒకసారి అడిగాను.

"అన్ని బర్లు ఒక్కనాడే ఒట్టిపోతయా శోభా? ఒకటి ఒట్టిపోతే తొమ్మిది పాలిస్తయి" అన్నాడు.

నాకు సబబుగానే తోచింది. బర్రెల మటుకు అది ఇప్పటికీ సబబే.

2008లో ఎయిర్‌పోర్టు తెరిచారు. ఆ ఏడాది మా దగ్గర మనుషులకు ఏమైందో నేను చెప్పలేను. పెళ్లిలో కలిసినా, దినాల్లో కలిసినా గజం ఎంత అనే మాటే. నా హోటల్లో ప్లేటు ఇడ్లీ తిని చెయ్యి కడుక్కునేలోపు రెండు ప్లాట్లు అమ్ముడయ్యేవి. ఆ రోజుల్లోనే తుక్కుగూడ అవతల ఒక వెంచర్ వాళ్లు బోర్డు పెట్టారు. బోర్డు మీద విమానం బొమ్మ, దాని కింద నవ్వుతున్న ఒక కుటుంబం. రెండు లక్షలు కడితే ప్లాటుకు అగ్రిమెంటు రాసిస్తారు, ఆరు నెలల్లో రిజిస్ట్రేషన్.

బోర్డును చూసి మావాళ్లు నవ్వారు గానీ డబ్బు తీయలేదు. కోటు వేసుకున్న మనిషిని నమ్మే అలవాటు మాకు లేదు. వెంచర్ మనిషి తెలివైనవాడు. వారం రోజులు ఊళ్లు తిరిగి, ఇక్కడ ఎవరి మాట చెల్లుతుందో కనుక్కుని, నేరుగా మొగులయ్య కొట్టం దగ్గరికి వెళ్లాడు. ప్రతి అగ్రిమెంటు మీదా జమానతు సంతకం పెడితే కాగితానికి రెండు వేలు ఇస్తానన్నాడు.

మొగులయ్య వెంటనే ఒప్పుకోలేదు. ఆ మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. వెంచర్ దగ్గరికి పోయి, బర్రెను చూసినట్టే భూమిని చూశాడు. చుట్టూ నడిచాడు, మట్టి పిడికిట పట్టి నలిపాడు, పక్క చేలో బోరు ఎన్ని అడుగుల్లో పడిందో అడిగాడు. మంచి భూమి అని తేల్చుకుని వచ్చి సంతకాలు పెట్టాడు. ఎన్నేళ్ల బర్రెనో నోరు తెరిచి పళ్లు చూసి చెప్పే మనిషి, ఆ భూమి పట్టా ఎవరి పేరు మీద ఉందో చూడలేదు. బర్రెకు పట్టా ఉండదు మరి.

అట్లా ఇరవై మందిమి కొన్నాం. నేను భూమి మొహం కూడా చూడలేదు, మొగులయ్య సంతకం చూసి రెండు లక్షలు కట్టాను. తక్కిన పంతొమ్మిది మందీ అదే పని చేశారు. మమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు, మాకు మేమే తీరిక చేసుకుని చేసుకున్నాం.

దసరా నాటికి అమెరికాలో బ్యాంకులు మునిగాయని టీవీల్లో మొదలైంది. అమెరికాలో బ్యాంకు మునిగితే తుక్కుగూడలో ప్లాటు ఎందుకు మునగాలని రాజశేఖర్ సారును అడిగాను. ఆయన జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాడు, ఇరవై మందిలో ఆయనా ఒకడు. రెండు ప్లేట్ల ఇడ్లీ అయిపోయేదాకా చెప్పాడు. నాకు అర్థమైనది ఒక్కటే, గజం ధర అడిగే నోళ్లన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి. వెంచర్ వాళ్లు అసలు రైతులకు కట్టాల్సిన మిగతా డబ్బు కట్టలేకపోయారు. రైతులు భూమి వెనక్కి తీసుకుని జొన్న వేసుకున్నారు. కోటు మనిషి ఫోను స్విచ్చాఫ్. విమానం బొమ్మ బోర్డును ఎవరో కోళ్లగూటి మీద కప్పుగా వేసుకున్నారు.

ఇరవై బర్రెలూ ఒక్కనాడే ఒట్టిపోయాయి.

మేము ఇరవై మందిమి మొగులయ్య వైపు తిరిగాం. అతను బాకీ కాదనలేదు, దాక్కోలేదు. "నా సంతకమే. నలభై లక్షలు నేనే ఇయ్యాలె. మూడేండ్లు గడువియ్యిండ్రి. పాలు, సంత మీద వచ్చింది నెలనెలా కడ్త. భూమికి రేటు రానియ్యిండ్రి, అప్పుడు ఎకరం అమ్మి మీ లెక్క తెంపుత" అన్నాడు.

గడువు ఇవ్వాలా వద్దా? 2009 ఎండాకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం, టిఫిన్ల వేళ దాటాక, నా హోటల్లోనే ఆ పంచాయితీ. నేను ఉచితంగా చాయ్ పోశాను. అది నేను చేసిన రెండో తప్పు.

రాజశేఖర్ సారు లేచి నిలబడ్డాడు. కూర్చుని మాట్లాడటం ఆయనకు రాదు.

"జర మనసు పక్కకు పెట్టి ఇనుండ్రి. మొగులయ్య బాకీ నలభై లక్షలు. ఆయనకున్నది రెండెకరాలు. ఇయ్యాల తొందరల అమ్మితే ఎకరం పది లక్షలు. అంటే ఇరవై లక్షలే. ముందు పోయి అడిగిన పది మందికి పూర పైసలు. ఎన్క పోయిన పది మందికి గుండు సున్న. అమెరికాల గూడ గిట్లాంటి కంపెనీలున్నయి, ఊరందరి అప్పులకు జమానతు సంతకాలు వెట్టేటియి. వాటికి గడువియ్యాల్నా, ఉన్నకాడికి ఇప్పుడే పంచుకోవాల్నా అని పైసలు వెట్టినోళ్లు ఆడ గూడ కొట్లాడుకుంటున్నరు."

"ఆళ్లేం తేల్చిండ్రు?" అని అడిగాను.

"ఇంక తేలలే."

"మరి గాళ్ల ముచ్చట మనకెందుకు సారూ?" అంది సత్తెమ్మక్క.

సత్తెమ్మక్క రోజూ మొగులయ్య దగ్గర పాలు పోయించుకుని, శంషాబాద్ హోటళ్లకు, ఇళ్లకు పోస్తుంది. నాకూ ఆమే పోస్తుంది. ఆ ఇరవై మందిలో ఆమె కూడా ఉంది. బడి గడప తొక్కని మనిషి. మోకాళ్ల నొప్పులతో, నిలబడకుండానే మాట్లాడింది.

"నేను చెప్త ఇనుండ్రి. మొగులన్న మాట సంతల చెల్తున్నది గాబట్టే బేరాలొస్తున్నయి. బేరాలొస్తేనే మనకు కడ్తడు. మనం వోయి గల్ల వట్టుకుంటే రేపటి సంది సంతల ఆయన తువ్వాల కింద ఎవడన్న చెయ్యి వెడ్తడా? పాలిచ్చే బర్రెను కోసుకతింటే ఒక్కపూట కూర. తెల్లారి ఏం దింటవ్?"

"అక్కా, మూడేండ్లు ఆయన బతుకుతడో లేదో" అన్నాడు సారు.

"నువ్వు బతుకుతవా సారూ, రాసిచ్చినవా?"

అందరూ నవ్వారు. సారు కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

ఇంకో సంగతి కూడా చర్చకు వచ్చింది. సిటీ నుంచి మల్లేశ్వర్ అని ఒకతను తిరుగుతున్నాడు, మా కాగితాలను ఒక్కొక్కటి అరవై వేలకు కొంటానంటున్నాడు. రెండు లక్షల కాగితం అరవై వేలకే పోతోందంటే మొగులయ్య పని అయిపోయినట్టే అన్నాడు సారు. పని అయిపోయినవాడి కాగితానికి అరవై వేలు పెట్టడానికి మల్లేశ్వర్‌కేమన్న పిచ్చా అంది సత్తెమ్మక్క. రెండు మాటలూ నిజమే అనిపించింది. నాకు అదే రోగం, ఎవరు చివర మాట్లాడితే వాళ్లది నిజమనిపిస్తుంది.

రెండు గంటలు, నలభై మూడు చాయ్‌లు. చివరికి సత్తెమ్మక్క మాటే గెలిచింది. మూడేళ్లు గడువు ఇద్దాం, ఎవరం ఒంటరిగా వెళ్లి అడగొద్దు అనుకున్నాం. సత్తెమ్మక్క పాల క్యాను బల్ల మీద పెడితే, ఇరవై మందిమీ దాని మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాం. పాడి మీద ఒట్టు మా దగ్గర చిన్న సంగతి కాదు. రాజశేఖర్ సారు కూడా వేశాడు, చెయ్యి కడుక్కుని మరీ వేశాడు.

అందరూ పోయాక గిన్నెలు తోముతూ ఉంటే ఒక్క మాటే నా తలలో తిరిగింది. ముందు పది మందికి పూర పైసలు. ఒట్టు పెట్టినవాళ్లలో తప్పేవాళ్లు ఎంతమంది ఉంటారా అని ఒక్కొక్కరి మొహం తలచుకున్నాను. కచ్చితంగా తొమ్మిది మంది తేలారు. పదో చోటు ఖాళీగా ఉంది.

తిట్టేవాళ్లు తిట్టుకోండి. రెండు లక్షలంటే నేను ఆరేళ్లు పొగలో నిలబడి కూడబెట్టుకున్నది. మొగులయ్యకు చెడు జరగాలని కోరుకోలేదు. నాకు జరగకూడదని కోరుకున్నాను, అంతే. ఆ రెండూ ఒకటేనని అప్పుడు తెలియలేదని అంటే అబద్ధం. తెలుసు.

తెల్లారి ఐదింటికే మామిడిపల్లి ఆటో పట్టుకున్నాను. మొగులయ్య కొట్టం ముందు రాజశేఖర్ సారు స్కూటర్ స్టాండు వేస్తున్నాడు. నన్ను చూసి, "పాలకొచ్చిన" అన్నాడు.

"నేను గూడ పాలకే" అన్నాను.

అవతల వేపచెట్టు కింద ఇంకో ఆరుగురున్నారు. వాళ్లూ పాలకే వచ్చారు. మేం మాట్లాడుకుంటుండగానే వెనక నుంచి రెండు ఆటోలు వచ్చి ఆగాయి. ఆరు కాకముందే పంతొమ్మిది మందిమి అయ్యాం. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా అందరం బర్రెల మొహాలు చూశాం.

మొగులయ్య పాలు పిండుతున్నాడు. లేవలేదు. పిండుతూనే మావైపు తలతిప్పి, మా చేతుల వంక చూశాడు.

"గిన్నెలేవి?" అన్నాడు.

పంతొమ్మిది మందిలో ఒక్కరి చేతిలోనూ గిన్నె లేదు. అగ్రిమెంటు కాగితం మాత్రం అందరి దగ్గరా ఉంది.

దుర్గవ్వ బయటికి వచ్చి మమ్మల్ని లెక్కపెట్టింది. సంగతి ఆమెకు చెప్పాల్సిన పని లేకపోయింది. "ఇంతమందికి చాయ్ వెట్టాల్నా? ఉండుండ్రి, వెడ్త. తాగి బలం దెచ్చుకోని పంచుకోండ్రి. ముప్పై ఏండ్లు మా ఇంటి పాలు తాగిండ్రు, చాయ్ ఎందుకిడువాలె" అని లోపలికి పోయి, నిజంగానే పొయ్యి మీద గిన్నెను విసిరికొట్టినట్టు పెట్టింది. చాయ్ వచ్చింది. సిగ్గు లేకుండా తాగాం.

మొగులయ్య బర్రెలన్నీ పిండడం ముగించి, చేతులు కడుక్కుని వచ్చాడు.

"తప్పు నాదే" అన్నాడు. "బర్రె వాపసొచ్చినంక జమానతిచ్చినోడు గడువు అడుగద్దు. ముప్పై ఏండ్లల ఎన్నడు అడుగలే, మొన్న అడిగిన. అమ్మి పైసలిచ్చేదాంక మీకు ఆగబుద్ధి అయితలేదు. భూమే తీస్కోండ్రి. బర్రె వాపసొస్తే తాడు గూడ వాపసియ్యాలె, మీ కాగితాలు నాకియ్యిండ్రి, లెక్క తెగినట్టే."

మాలో ఒక్కరం కూడా వద్దనలేదు. ఎవరైనా అంటారేమోనని అందరం చూశాం.

ముందు, వెనక అనే మాట అతను రానివ్వలేదు. అందరికీ సమానం అన్నాడు. ఇంట్లో గోడలకు వెయ్యడానికి తెచ్చుకున్న సున్నం బస్తా, బర్రెలను కట్టేసే తాళ్లు తెచ్చాడు. రాజశేఖర్ సారు జేబులోంచి పెన్ను తీశాడు, అప్పటికి ఆయన మొహంలోకి రక్తం వచ్చింది.

"రెండెకరాలంటే ఎనభై గుంటలు. పంతొమ్మిది మందిమి ఉన్నం. ఒక్కొక్కరికి నాలుగు గుంటల పైన ఇంత..."

"ఇరవై" అన్నాడు మొగులయ్య.

"సత్తెమ్మక్క రాలే గద. గడువిస్తనన్నది, ఇయ్యనియ్యి."

"రానోళ్లది ముందుగాల తియ్యాలె సారూ."

తాడు పట్టుకుని నేరుగా బోరు దగ్గరికి నడిచాడు. బోరు నడుమ వచ్చేట్టు నాలుగు గుంటలు కొలిచి, తన చేత్తోనే సున్నం గీతలు వేశాడు. చేనంతటికీ నీళ్లు ఆ ఒక్క చోటే. మిగతా డెబ్బై ఆరు గుంటలకు పంతొమ్మిది చీటీలు రాసి తువ్వాలలో వేసి మా ముందు పట్టాడు. ఒక్కొక్కరం అందులో చెయ్యి పెట్టి తీసుకున్నాం.

నా చీటీకి వచ్చింది బోరు పక్కనున్న నాలుగు గుంటల తుకుడ. దాని మీదే కొట్టం ఉంది. కొట్టంలో ఎనిమిది బర్రెలూ ఉన్నాయి. మొగులయ్య నా వంక చూశాడు. ఏమీ అడగలేదు. అడగకపోయినా ఏదో ఒకటి అనాలి కదా, అన్నాను.

"నెలాఖరు దాంక ఉండనియ్యి మొగులన్నా. నాకేం తొందర లేదు."

ఆ మాట అన్నప్పుడు నేను చాలా మంచిదాన్నని నాకే అనిపించింది. ఒట్టు, అట్లాగే అనిపించింది.

ఏడింటికి సత్తెమ్మక్క వచ్చింది, ఆమె నిజంగానే పాలకు. రెండు చేతుల్లో రెండు క్యాన్లు. చేనంతా తెల్లగీతలు, గీతల మధ్య మేము, ఎవరి తుకుడలో వాళ్లం నిలబడి ఉన్నాం. ఆమె క్యాన్లు కింద పెట్టింది. నిన్న చెయ్యేసి ఒట్టు పెట్టుకున్న క్యాను అందులో ఒకటి. మమ్మల్ని తిడుతుందని తల వంచుకున్నాను. ఆమె మొగులయ్యతోనే మాట్లాడింది.

"ఇందుల నాదేది?"

మొగులయ్య చూపించాడు.

"బోరున్నది నాకిచ్చినవా? బర్లు ఎటువోతయి మరి?"

"శోభ నెలాఖరు దాంక టైమిచ్చింది. ఎనక సంతల అమ్మేస్త. జాగ లేదు గద అక్కా, ఏడ కట్టెయ్యాలె."

సత్తెమ్మక్క ఒకసారి చుట్టూ చూసింది. "నాది గాదా గిది? గిండ్ల కట్టెయ్యి. నీళ్లు గూడ ఉన్నయి. నాకు రేపటి సంది పాలెవడు వోస్తడు, గీ సార్లు వోస్తరా?" అంది. తర్వాత క్యాన్లు నింపుకుని, మోకాలు పట్టుకుని లేచి, ఆటో ఎక్కి పోయింది. శంషాబాద్‌లో జనం పాలకోసం చూస్తుంటారు, ఆమెకు ఆలస్యమైంది.

ఆ వారంలోనే మొగులయ్య కొట్టం రేకులు విప్పి, నా గీత దాటించి ఆమె గీతలో వేసుకున్నాడు. నెలాఖరు దాకా ఆగలేదు. తర్వాత మా అందరికీ రిజిస్ట్రేషన్లు చేయించాడు. ప్రతిసారీ తన బస్సు టికెట్టు తనే కొనుక్కున్నాడు. సంతలో అతని జమానతుకు ముందుకన్నా గిరాకీ పెరిగిందని విన్నాను. వెనక రెండెకరాలు ఉన్నప్పుడు యాభై రూపాయలు తీసుకునేవాడు, ఏమీ లేనప్పుడు జనం వందిస్తున్నారు. ఇదెట్లా అని రాజశేఖర్ సారును అడిగితే, ఆయన ఈసారి ఇడ్లీ మాత్రం తిని వెళ్లిపోయాడు.

రెండేళ్లకు అవతల నుంచి రింగ్ రోడ్డు వచ్చింది. 2013లో నా నాలుగు గుంటలు పన్నెండు లక్షలకు అమ్మాను. రెండు లక్షలు పెట్టిన చోట పన్నెండు. కిరాయిది కాదిప్పుడు, ఈ హోటల్ నడిచే మలిగీ నాదే, కొత్త గ్రైండరు, గోడకు టైల్స్. మొగులయ్య చూసి, "మంచిగయ్యింది శోభా" అన్నాడు. మనసులో ఏదైనా పెట్టుకుని అన్నాడేమోనని చాలాసేపు వెతికాను. ఏమీ లేదు. నిజంగా సంతోషపడ్డాడు. అతనికి కోపం రాకపోవడం మీద నాకు చాలా కోపం వచ్చింది.

మిగతా పద్దెనిమిది మంది కూడా అమ్ముకున్నారు. సత్తెమ్మక్క తుకుడకు మంచి ధర అడుగుతున్నారు, బోరు ఉంది కదా. ఆమె అమ్మలేదు. చుట్టూ ప్రహరీ గోడలు లేచాయి, నడుమ ఎనిమిది బర్రెలు, మొగులయ్య, దుర్గవ్వ.

సత్తెమ్మక్క ఇప్పటికీ పొద్దున్నే నా హోటల్‌కు పాలు పోస్తుంది. మోకాళ్లు మరీ పాడయ్యాయి, గడప దగ్గర ఒక్క నిమిషం ఆగి ఎక్కుతుంది. కొలత ఎప్పుడూ తగ్గించదు, పైన ఒక చెంచాడు ఎక్కువే పోస్తుంది. ఆనాటి మాట ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. మొన్న ఇగ ఆపుకోలేక నేనే ఎత్తాను.

"అక్కా, ఆ పొద్దు నేను గూడ వోయిన గదా. నన్నెందుకు తిట్టవు?"

"ఏ పొద్దు?" అంది. క్యాను మూత పెట్టుకుంటూ, "నీకు రేపు రెండు లీటర్లు ఎక్కువ గావాల్నా శోభా? ఆదివారం గద, గిరాకీ ఉంటది."

కావాలన్నాను.